వార్తల్లో పదం: లైఫ్ ట్యాక్స్ మినహాయింపు

కొత్త బండి రిజిస్ట్రేషన్ నాడు ఒకేసారి కట్టే రహదారి పన్నే లైఫ్ ట్యాక్స్. విద్యుత్ వాహనాల వంటి వాటికి ప్రభుత్వం దాన్ని వదులుకుంటే అది మినహాయింపు. కొనేవారి చేతికి నగదు రాదు, బండి రోడ్డెక్కే ధర తగ్గుతుంది.

వాహనాలపై పన్ను రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో ఉంది. కాబట్టి ఎవరికి, ఎంత, ఎప్పటివరకు అన్నది రాష్ట్రాలే తమ పన్ను చట్టం కింద ఉత్తర్వులిచ్చి తేలుస్తాయి. కేంద్రపాలిత ప్రాంతమైనా సొంత శాసనసభ ఉన్న పుదుచ్చేరికీ ఆ వీలుంది. పుదుచ్చేరి పట్టణంలోని ముదలియార్‌పేటలో బండి రిజిస్టర్ చేయించినా, అదే ప్రాంతంలో భాగమైన మన తెలుగు యానాంలో చేయించినా వర్తించేది పుదుచ్చేరి నిబంధనే. యానాం చుట్టూ ఉన్న ఆంధ్రప్రదేశ్‌ది కాదు.

తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా ఎత్తేసింది. గడువు 2026 డిసెంబరు 31. స్పష్టమైన గడువు పెట్టడం కొనుగోలుదారుకు మేలు.

కేంద్రం ఇచ్చేవి వేరు. విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. బ్యాటరీ, ఇథనాల్, మిథనాల్‌తో నడిచే రవాణా వాహనాలకు 2018లోనే పర్మిట్ అక్కర్లేదంది.

ఒక చిక్కుంది. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, పన్నుకు అక్కడి చట్టమే వర్తిస్తుంది. ఉద్యోగరీత్యా ఊళ్లు మారేవారు కొనేముందే రెండుచోట్ల నిబంధనలూ అడిగి తెలుసుకోండి.