బెయిలు వచ్చింది, మందులేవి?

హెచ్‌ఐవీ చట్టం 2017లోని 31వ సెక్షన్ కస్టడీలో ఉన్నవారికి, విచారణ ఖైదీలతో సహా, చికిత్స హక్కు ఇచ్చింది. చిక్కంతా గేటు బయటే. 2022 జైలు గణాంకాల ప్రకారం ఖైదీల్లో నూటికి 75 మంది విచారణ ఖైదీలే. మొత్తం ఖైదీల్లో దళితులు 20 శాతం పైనే. 2011 జనాభాలో మాత్రం 16.6.

శిక్ష పడినవాళ్లకు విడుదల తేదీ ముందే తెలుస్తుంది. విచారణ ఖైదీకి బెయిలు ఉత్తర్వు ఏ సాయంత్రమో వస్తుంది. ఏఆర్‌టీ మాత్రలు, చికిత్స పుస్తకం లోపలే ఉండిపోవచ్చు. మాత్రలు ఆగితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందు ఉచితమే. కానీ సొంత జిల్లా కేంద్రానికి పేరు బదిలీ చేయించుకోవాలి, ఆ సంగతి కూలీకి ఎవరైనా చెప్పాలి కదా!

బదిలీ కాగితం విడుదల రోజు రాస్తామంటే కుదరదు. చికిత్స మొదలైన రోజే రాసి, నెల మందుతో పాటు సిద్ధంగా ఉంచాలని జైలు సూపరింటెండెంట్‌ను, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు.