ఉత్కంఠ చిత్రములలో కథాసంవిధానము

హత్య జరిగినది. హంతకుడెవరు? ఈ యొక్క ప్రశ్నతో ప్రేక్షకుని రెండున్నర గంటలు కుర్చీలో కూర్చుండబెట్టుటయే థ్రిల్లరు చిత్రముల పని యని పలువురు తలంతురు. ముగింపు తెలిసిన పిదప చిత్రము చూచుట దండుగ యని మన విద్యార్థులు కూడ అనుచుందురు. అదియే నిజమైనచో ఈ చిత్రములకు పొడుపుకథకున్న ఆయువే యుండవలెను. విప్పగనే పని తీరిపోవును. కాని కొన్ని చిత్రములు రెండవసారి చూచినను రక్తి కట్టుచున్నవి. కారణమేమి?

1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణలో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనికి చక్కని ఉదాహరణ మిచ్చెను. ఇద్దరు బల్ల యొద్ద కూర్చుండి పిచ్చాపాటి మాటలాడుచున్నారు. బల్ల క్రింద బాంబున్నది. ఆ సంగతి మనకు తెలియనిచో అది ప్రేలినప్పుడు కలుగునది 15 సెకండ్ల అదరుపాటు. ముందే తెలిసినచో 15 నిమిషముల ఉత్కంఠ. కావున ఏ సంగతి, ఎవరికి, ఎప్పుడు తెలియవలెనో నిర్ణయించుటలోనే ఈ కళ యంతయు నున్నది.

మన తెలుగు చిత్రములనే చూడుడు. 1967లో తిరులోకచందర్ దర్శకత్వమున వచ్చిన ‘అవే కళ్లు’లో ముసుగు ధరించిన హంతకుడు ఒక యింటివారిని వెంటాడును. పాత్రలకెంత తెలియునో మనకును అంతియే తెలియును, ప్రతివానిని అనుమానింతుము. 1991లో రాంగోపాల్ వర్మ తీసిన ‘క్షణక్షణం’లో దోపిడి సొమ్ముకై దుండగులు తన వెంట ఏల పడుచున్నారో సత్య యెరుగదు, మనమెరుగుదుము. అచట అనుమానము పోయి ఆమెకై భయము కలుగును.

2014లో తెలుగున వచ్చిన ‘దృశ్యం’ మరియొక మెట్టు ఎక్కినది. జీతు జోసెఫ్ 2013లో మలయాళమున తీసిన చిత్రమునకిది తెలుగు రూపము. మరణమెట్లు సంభవించినదో మనము చూచియే యున్నాము. కేబుల్ టీవీ నడుపుకొను రాంబాబు సినిమాల పిచ్చివాడు. కుటుంబముతో ఒక ప్రయాణము చేసి, తమ్ము చూచినవారితో పిదప మాటల సందున వేరొక తేదీని పలికి వారి మనసులలో నాటును. సాక్షులు చూచినదంతయు నిజమే. తేదీ యొక్కటే అబద్ధము. దర్శకుడు మననుండి దాచినది శవమెచట నున్నదను సంగతిని మాత్రమే. దాని గుర్తు కూడ తొలినుండియు మన కన్నుల యెదుటనే యున్నది.

ఈ న్యాయము మనకు క్రొత్తది కాదు. ముఖసంధిలో నాటిన బీజమే నిర్వహణసంధిలో ఫలింపవలెనని మన నాట్యశాస్త్రకారులు విధించిరి. 16వ శతాబ్దిలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న చేసినదియు నిదియే. కావ్యమున ముందే కనిపించి, చేతులు మారుచు వచ్చిన మణిహారము పసిబాలయైన మధురలాలసను చేరినప్పుడు ఆమె తన పూర్వజన్మ కథను విప్పును. చెదరియున్న కథలన్నియు అప్పుడొక్కటగును. చదువరి మరల వెనుకకు పోయి చూచినచో ప్రతి ముడియు చోటుననే యుండును.

ఈ పరీక్షకు నిలువని చిత్రములును కలవు. ముందెన్నడును కనబడని వానిని కడపటి రీలులో తెచ్చి హంతకునిగా నిలబెట్టుట వంచన. బీజము లేని ఫలము. సికింద్రాబాదున రాంగోపాల్‌పేటకు చేరువనున్న పారడైజ్ కూడలికి పేరిచ్చిన సినిమాహాలు నేడు లేదు. అట్టి హాలులలో ఒకమారు చూచి యింటికి పోయినవానికి ఆ వంచన పట్టుబడకపోవచ్చును. నేడు చిత్రము చేతిలోని ఫోనులోనికి వచ్చినది. ఎవరైనను వెనుకకు త్రిప్పి చూడగలరు. కావున నిజాయితీగల కథకునికే ఇపుడు మనుగడ.

సినిమా కథ చెప్పుమన్నప్పుడు విద్యార్థి ముందుగా హంతకుని పేరే చెప్పును. ఉపాధ్యాయుడు అంతటితో తృప్తి పడక, “ఆ సంగతి నీకెప్పుడు తెలిసినది? అంతకుముందు దర్శకుడు దానిని నీకెచట చూపినాడు?” అని అడుగవలెను. ఆ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకిన బాలుడు చిత్రమునే కాదు, కావ్యమును కూడ చదువనేర్చును.