చాప మీద బంగాళాఖాతం

పులిజూదం వచ్చినవాళ్లకు ఓడల యుద్ధపు ఆట సగం వచ్చినట్టే. 3 పులులు, 15 మేకలు. బలాలు సమానం కావు, ఇద్దరూ కోరేదీ ఒకటి కాదు. పులి మేకల్ని తినాలి, మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి. రాయలసీమలో రచ్చబండ రాళ్ల మీద, గుడి మండపాల నేల మీద గీసిన ఆ గళ్ల దగ్గర పెరిగిన మనిషికి, రెండువైపులా ఒకే లెక్క సైన్యాన్ని నిలబెట్టే చదరంగం కన్నా ఇది తొందరగా తలకెక్కుతుంది.

నౌకాయుద్ధాన్ని బల్ల మీద ఆడడం విదేశాల్లో పాత అలవాటే. ఫ్రెడ్ జేన్ అనే ఇంగ్లీషువాడు 1898లోనే అలాంటి ఆటకు నియమాలు అచ్చువేశాడు. తెరచాప ఓడల కాలాన్ని ఆడించే 'వుడెన్ షిప్స్ అండ్ ఐరన్ మెన్' అమెరికాలో 1970ల నడుమ వచ్చింది. దాని పద్ధతినే తేలిక చేసుకుని నేనూ నా స్నేహితుడూ అనంతపురంలో చాప పరుచుకుని ఆడుతుంటాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఓడలేంటని ఇంట్లోవాళ్లు నవ్వారు. స్నేహితుడి అభ్యంతరం వేరు. ఖాళీగా ఉన్న నీలం అట్టను చూసి, "గుట్టా ల్యా, చెట్టూ ల్యా. యాడ దాంకునేదిరా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. నేల మీది యుద్ధంలో గుట్ట, వాగు, కోటగోడ సగం పని చేసిపెడతాయి. సముద్రంలో ఆ పని గాలిది. ఆట అట్ట మీద ఆరు వైపుల గళ్లుంటాయి. ఓడ ముక్కు ఎటుందో, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని, ఆ వంతుకు ఎన్ని గళ్లు కదలొచ్చో పట్టికలో చూస్తారు. గాలి వెనకపక్కగా తగిలితే ఓడ పరుగెడుతుంది. గాలికి ఎదురుగా ముక్కు పెడితే నిలిచిపోతుంది. ఎదురుగాలి దిక్కుకే పోవాలంటే ఇటు కొంత, అటు కొంత వంకరగా కోసుకుంటూ పోవాల్సిందే. అందుకే గాలి వచ్చే వైపున్నవాడిది పైచేయి. దగ్గరికి రావాలా, దూరంగా ఉండాలా అన్నది అతనే తేల్చుకుంటాడు.

ఫిరంగుల సంగతి కూడా తెలియాలి. ఆ కాలపు ఓడలకు ఫిరంగులన్నీ రెండు పక్కల్లోనే, ముక్కున, తోకన దాదాపు ఏమీ ఉండవు. శత్రువు ముక్కుకో వెనక్కో అడ్డంగా మన పక్కను తెచ్చి నిలపగలిగితే, గుండు అతని ఓడలో ఈ చివరినుంచి ఆ చివరికి దూసుకుపోతుంది, అతను మాత్రం తిరిగి కొట్టలేడు. ఎంత దెబ్బ తగిలిందో పాచిక తేలుస్తుంది: ఓడ ఒంటికి కొంత, తెరచాపలకు కొంత, మనుషులకు కొంత.

పులిజూదంలో బొత్తిగా లేనిది ఇంకొకటుంది. ఇక్కడ ఒకరి తర్వాత ఒకరు కదపరు. ఇద్దరూ తమ కదలికను చీటీ మీద రాసుకుని ఒకేసారి విప్పుతారు. రాసినదానికి కట్టుబడాలి, ఎందుకంటే అంత బరువున్న ఓడ అప్పటికప్పుడు ఆగదు, తిరగదు. కొత్తవాళ్ల ఓడలు శత్రువుల్ని గుద్దేకన్నా సొంతవాళ్లనే ఎక్కువ గుద్దుతాయి.

ఇక ఏ యుద్ధం ఆడాలి? ట్రఫాల్గర్ దాకా పోనక్కర్లేదు. దానికి ఏడాది ముందు, 1804 సెప్టెంబరు 15న, మన విశాఖపట్నం ఒడ్డునే ఒకటి జరిగింది. ఇక్కడ అనంతపురం వైపు థామస్ మన్రో దత్తమండలాల కలెక్టరుగా శిస్తులు తేలుస్తున్న కాలమది. విశాఖకు అప్పటికి హార్బరు లేదు, అది 1933లో వచ్చింది. ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకూ ఓడకూ మధ్య తిరిగేది. ఆ ఉదయం అక్కడున్నవి మూడు: 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్, దాని కాపలాలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు సరుకు ఓడలు. వాటి మీదికి ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ వచ్చాడు. ఆయన ఎక్కిన మరెంగో 74 ఫిరంగులది, వెంట అటలాంట్, సెమియాంట్ అనే రెండు ఫ్రిగేట్లు. పైగా సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాక, లిండ్ నడుమలో వచ్చి కలిశాడు.

ముక్కలు పేర్చి చూస్తే ఆట మొదలవకముందే ముగిసిందనిపిస్తుంది. జరిగింది వేరు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి అలల్లో పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. కానీ దగ్గరికి రాబోయిన మరెంగో అడుగు నేలకు తగిలింది. ఎలాగో బయటపడింది గానీ మళ్లీ అంత దగ్గరికి రాలేదు. సెంచూరియన్ లంగరు తాడు తెగి, కొట్టుకుపోయి, మరోచోట లోతు తక్కువ నీళ్లలో నిలిచింది. ఆ తర్వాత దూరంనుంచే ఫిరంగులు పేలాయి. చివరికి లినోయ్ పట్టుకున్న సరుకు ఓడను తీసుకుని వెళ్లిపోయాడు. చిరిగిన తెరచాపలతో సెంచూరియన్ మిగిలింది.

ఎవరు గెలిచారు? ఈ ఆటల్లో అసలు కిటుకు ఇక్కడే ఉంది. గెలుపంటే ఏమిటో పాచిక వేయకముందే కాగితం మీద రాసుకోవాలి. మేం రాసుకున్న లెక్క ఇది: సెంచూరియన్ చిక్కితే ఫ్రెంచివాళ్లకు చాలా పాయింట్లు, ఒక్కో సరుకు ఓడకు కొన్ని. అయితే మరెంగో తెరచాప స్తంభం విరిగినా, అది ఇసుకలో కూరుకుపోయినా, వచ్చిన పాయింట్లన్నిటికన్నా ఎక్కువ పోతాయి. స్నేహితుడు మొదట ఒప్పుకోలేదు, అంత జుల్మానా ఎందుకన్నాడు. లినోయ్‌కి ఈ సముద్రాల్లో ఆనుకోవడానికి ఉన్న గట్టి చోటు మారిషస్ ఒక్కటే. స్తంభం విరిగితే అక్కడిదాకా ఈడ్చుకుపోవాలి, దారంతా బ్రిటిష్ నౌకలు. విత్తనానికి దాచిన ఒక్క మూట వేరుశనగే మిగిలిన రైతు తొలి చినుక్కే దాన్ని చల్లడు. ఈ మాటతో అతను మారు మాట్లాడలేదు.

నేల తగిలే భయాన్ని ఆటలోకి తేవడం కష్టం. అట్ట మీద గీసేస్తే ఇద్దరికీ కనబడుతుంది, ఇక భయమెక్కడిది? అందుకని లోతు తక్కువ గళ్లేవో ఇంగ్లీషు వైపు ఆడేవాడు ఒక చీటీ మీద రాసి మడిచి పెడతాడు. మరెంగో ఆ గడిలో అడుగుపెట్టినప్పుడే చీటీ విప్పాలి. చాలామంది సులువని వదిలేసే ఈ చిన్న నియమం లేకపోతే విశాఖ యుద్ధం ఉత్త ఫిరంగుల లెక్కగా మారిపోతుంది. కనబడనిదాన్ని కనబడకుండా ఉంచడం పిల్లచేష్ట కాదు. 1942లో లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నేల మీద సుద్దతో సముద్రం గీసి బ్రిటిష్ నౌకాధికారులకు శిక్షణ ఇచ్చాడు. అధికారులు తెర వెనక నిలబడి చిన్న కంతల్లోంచి మాత్రమే చూడాలి. నిజమైన ఓడ మీద ఎంత కనిపిస్తుందో అంతే కనిపించేలా. అతనికి తోడు ఆ ఆటను నడిపింది ఎక్కువగా నౌకాదళంలో పనిచేసే యువతులు. జర్మన్ జలాంతర్గాముల మీద అట్లాంటిక్‌లో వాడిన ఎత్తులు కొన్ని ఆ సుద్దగీతల మీద పుట్టినవే.

లినోయ్‌కి చరిత్రలో మంచి పేరు లేదు. అదే 1804 ఫిబ్రవరిలో, బ్రిటిష్ నౌకాదళపు ఓడ ఒక్కటీ తోడు లేని చైనా సరుకు ఓడల వరస ధైర్యంగా ఎదురు తిరిగితే, యుద్ధనౌకలనుకుని తప్పుకున్నాడు. నెపోలియన్ మండిపడ్డాడు. ఆ తప్పుకోవడాన్ని నేనూ సమర్థించను. విశాఖలో మాత్రం ఆయన చేసింది సబబే అంటాను. ఫ్రెంచి వైపు కూర్చుని, ముందున్న గడిలో ఏముందో తెలియక చీటీ మీద పెన్సిలు ఆపుకున్నవాళ్లకు ఆ వెనకడుగు పిరికితనంలా కనిపించదు. 1806 మార్చిలో మరెంగో అట్లాంటిక్‌లో బ్రిటిష్ వాళ్లకు చిక్కింది, లినోయ్ 1814 దాకా ఖైదీగా ఉన్నాడు.

ఆడాలనుకుంటే పెద్ద ఖర్చేమీ లేదు. ఒక నీలం చార్టు, గళ్లు గీయడానికి స్కేలు, ఓడలకు అట్టముక్కలు, వైకుంఠపాళి పాచిక ఉంటే చాలు. మొదటిసారి మాత్రం ఫ్రెంచి వైపు మీరు తీసుకోండి. ఎక్కువ ఫిరంగులున్నాయి కదా, సులువే అని మీ స్నేహితుడు అంటాడు, అననివ్వండి.