శుక్రవారం సంత... బోలెడు కబుర్లు!

అరకు అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? బొర్రా గుహలు, రైలు సొరంగాలు, బొంగులో చికెన్... అంతేగా! పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజరెక్కడం, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతోపాటు మనమూ ఓ కేక పెట్టడం, నాలుగు ఫొటోలు దిగి సాయంత్రం బస్సులో దిగిపోవడం. ఆ కేకలో ఉన్న సరదాని నేను కాదనను. కొత్తవలస - కిరండూల్ లైను మీద సొరంగాలు 58. అన్నీ లెక్కపెడదామనే అందరూ ఎక్కుతారు. సగం దూరం వెళ్ళేసరికి ఎవరో ఒకరు పులిహోర డబ్బా మూత తీస్తారు, లెక్క అక్కడితో ఆగిపోతుంది. 2017 ఏప్రిల్లో ఆ రైలుకి అద్దాల బోగీ తగిలించాక ఈ సందడి ఇంకా పెరిగింది.

అయితే అరకు అసలు సందడి రైల్లో లేదు, శుక్రవారం సంతలో ఉంది.

మావారి ఉద్యోగం పుణ్యమా అని 2016లో ఇక్కడికొచ్చాం. ఆయన రిటైరయ్యాక కూడా కదలబుద్ధి కాలేదు. అద్దె వాటాలోనే ఉంటున్నాం. ‘అక్కడే ఓ ఇల్లు కొనుక్కోకూడదూ?’ అని మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. గిరిజనేతరులం ఇక్కడ సెంటు భూమి కూడా కొనకూడదమ్మా, 1/70 చట్టం ఉంది అని చెబుతాను. ఉండాలి కూడా! లేకపోతే ఈపాటికి ఈ కొండలన్నీ రిసార్టులైపోయి ఉండేవి.

మన్యంలో ఒక్కో ఊరికి ఒక్కో రోజు సంత. మాకు శుక్రవారం. తెల్లారకముందే జీపులు దిగుతాయి. పైకప్పు మీద కూడా మనుషులే! జీపులు రాని గూడేల నుంచి కావిళ్ళతో మగవాళ్ళు, నెత్తిన బుట్టలతో ఆడవాళ్ళు వరసగా నడిచి వస్తారు. అల్లం, పసుపు, పిప్పళ్ళు, రాజ్మా, చింతపండు, కుంకుడుకాయలు, కొండచీపుళ్ళు, వానాకాలంలో పుట్టగొడుగులు, వెదురుకొమ్ములు... తూకం రాళ్ళు కనబడవు. అన్నీ చిన్న చిన్న కుప్పలు పోసి కూర్చుంటారు. కుప్ప ఇరవై అంటే ఇరవయ్యే. ‘కేజీ ఎంత?’ అని అడిగితే అయోమయంగా చూసి నవ్వేస్తారు. కింద నుంచి వచ్చే వర్తకులు ఉప్పు, ఎండుచేపలు, గాజులు, ప్లాస్టిక్ బిందెలు పరిచి ఎదురు వరసలో కూర్చుంటారు.

నేను గమనించిందేమిటంటే, ఆడవాళ్ళు తెచ్చిన సరుకు అమ్ముడైన వెంటనే కొనుగోళ్ళకి లేవరు. ముందు వేడివేడిగా ఏదో ఒకటి కొనుక్కుని తింటారు. తర్వాత కబుర్లు. ఎండుచేపలు, ఉప్పు జీపు కదిలే ముందు! వారమంతా ఇంటికీ పొలానికీ చాకిరీ చేసిన మనిషి, తన చేత్తో అమ్మిన డబ్బుల్లో మొదటి పది రూపాయలు తన నోటికి పెట్టుకోవడం చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. మనలో ఎంతమందిమి ఆ పని చేస్తున్నాం చెప్పండి!

వాళ్ళకి వింత మనమే

ఈ సంత కబుర్లు నా దాకా మోసుకొచ్చేది మా పక్కింటావిడ. ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుంది. పేరు రాస్తే సిగ్గుపడుతుంది కనక రాయను. మొదట్లో నన్ను ‘అమ్మగోరూ’ అనేది, ఇప్పుడు ‘అప్పా’ అంటుంది. ఈ వైపు అప్ప అంటే అక్క.

నవంబరులో వలిసె పూలు పూసినప్పుడు కొండవాలు మొత్తం పసుపు ఆరబోసినట్టుంటుంది. వాళ్ళు వలిసెలు వేసేది గింజల కోసం, నూనె కోసం. అలాంటిది ఊళ్ళ నుంచి కార్లేసుకుని వచ్చి, పట్టుచీరల్లో ఆ చేలోకి దిగి ఫొటోలు తీయించుకునే వాళ్ళని చూసి మొదట్లో తెల్లబోయారు. చేను తొక్కేస్తుంటే ఊరుకోలేక ఫొటోకి ఇంత అని డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టారు. ‘చేల్లో నిలబడ్డానికి డబ్బులిస్తన్నారప్పా! మేం రోజంతా నిలబడతాం, మాకెవులిస్తారు?’ అంది మా పక్కింటావిడ. ఆ వారం సంతంతా ఇదే నవ్వు.

ఇంకో కబురు కాఫీది. 2017లో అరకు కాఫీకి ప్యారిస్లో దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. పేపర్లో చదివి గొప్పగా చెప్పబోయాను.

‘ప్యారిస్ అంటే ఇశాపట్నం కంటే దూరమా అప్పా?’

‘చాలా దూరం. విమానంలో వెళ్ళాలి.’

‘అయితే మేం ఏరిన గింజ ఇమానం ఎక్కీసిందన్నమాట! మాకింకా జీపులో సీటు దొరకట్లేదు.’

ఏమంటాను! సిల్వర్ ఓక్ నీడలో, చెట్టుకి మిరియాల తీగ పాకించి, ఎకరం రెండెకరాల్లో కాఫీ వేసుకున్న ఇళ్ళే ఎక్కువ. పండు ఎర్రబడింది ఒక్కటే కోసి, పచ్చిది కొమ్మకే ఉంచాలి. ఓపిక ఉండాలి, చురుకైన వేళ్ళుండాలి. ఆ పనిలో ఎక్కువ చేతులు ఆడవాళ్ళవే. ఇంటికెళ్ళి వాళ్ళు తాగేది మాత్రం చోడి అంబలి. కాఫీ రుచి చూపిద్దామని ఓసారి ఫిల్టరు వేసి ఇచ్చాను. మర్యాదకి రెండు గుక్కలు తాగి, ‘పూవు వాసనే బాగుంటాది’ అని గ్లాసు పక్కన పెట్టింది. నిజమే సుమండీ! వేసవి మొదట్లో జల్లు పడ్డాక కాఫీతోట తెల్లగా పూస్తుంది. ఆ నాలుగు రోజులూ గాలి మల్లెపందిరి కిందనుంచి వచ్చినట్టే ఉంటుంది.

చైత్రంలో ఇటుకల పండగ వస్తే ఆడవాళ్ళదే రాజ్యం. మగవాళ్ళు వేటకని అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ వచ్చే బండినీ పోయే బండినీ ఆపి డబ్బులు వసూలు చేస్తారు. ఆఫీసరు జీపైనా ఒకటే, టూరిస్టు బస్సయినా ఒకటే. ఇక వేట నుంచి ఖాళీ చేతులతో వచ్చిన మొగుడి గతి అడక్కండి. పేడనీళ్ళు చల్లి, పాటలు కట్టి ఎగతాళి చేసే ఆచారం ఉంది! వన్యప్రాణుల్ని వేటాడటం ఇప్పుడు నేరం కాబట్టి వేట పేరుకే మిగిలింది. పేడనీళ్ళ సరదా మాత్రం మిగిలే ఉంది. ఏడాదికోరోజు మనకీ ఇలాంటి పండగ ఉంటే ఎంత బాగుండునో అని మావారి ఎదుటే అన్నాను. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

2025 ఏప్రిల్లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ డుంబ్రిగుడ మండలం పెదపాడు వచ్చారు. చెప్పుల్లేకుండా నడుస్తున్న వాళ్ళని చూసి, తర్వాత ఆ ఊరి వాళ్ళందరికీ చెప్పులు పంపించారు. ఊరు ఊరంతటికీ ఒకేసారి కొత్త చెప్పులు! అందరి కొలతలూ సరిపోయాయా, పాతికేళ్ళ కోడలికీ డెబ్భై ఏళ్ళ అత్తకీ ఒకే రంగు వచ్చిందా అని సంతలో ఆరాలే ఆరాలు. ఆ పర్యటనలోనే గూడేలకి రోడ్లు వేసే ‘అడవితల్లి బాట’ మొదలైంది. చెప్పుల కబురుకి నవ్విన వాళ్ళే ఈ రోడ్డు కబురుకి నవ్వులాపి చెవులు రిక్కించారు. నెలలు నిండిన మనిషిని డోలీలో కట్టుకుని కొండ దింపే బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది మరి.

కుట్టు చెప్పిన కబురు

ఇవన్నీ ఒక ఎత్తు, 2020లో జరిగింది ఒక ఎత్తు.

మా పక్కింటావిడ పుట్టిల్లు కొండ మీద గూడెంలో. జీపు దిగాక రెండు గంటలు నడవాలి. వాళ్ళమ్మ వారం వారం అడ్డాకుల విస్తళ్ళు కుట్టి సంతకి తెచ్చేది. అడ్డాకులు తెలుసుగా? అడవిలో పెద్ద చెట్లకి అల్లుకునే తీగ ఆకులు. సన్నటి పుల్లలతో గుండ్రంగా కుడితే సాంబారు పోసినా కారదు. తల్లీ కూతుళ్ళు కలుసుకునేది ఆ శుక్రవారం పూటే. పుట్టింటికి వెళ్ళిరావాలంటే రెండు రోజులు పని మానుకోవాలి. సంతకైతే నాలుగడుగులు వేస్తే చాలు. ఆవిడ దృష్టిలో సంతే పుట్టిల్లు.

మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టారు. సంతలు మూసేశారు. చాలా గూడేల వాళ్ళు రోగం పైకి రాకుండా తామే దారికడ్డంగా కొమ్మలు, దుంగలు పడేసుకున్నారు. ఆ తల్లికి ఫోను లేదు. ఉన్నా ఆ గూడెంలో సిగ్నలు లేదు. మొదటి శుక్రవారం గడిచింది. మా పక్కింటావిడ అలవాటుగా తలదువ్వుకుని సంత దాకా వెళ్ళి, ఖాళీ మైదానం చూసి వచ్చేసింది.

రెండో వారం, తెల్లవారుజామున కూరగాయలు దించే కుర్రాడొకడు ఆవిడ గుమ్మంలో విస్తళ్ళ కట్ట పడేసి పోయాడు. పెళ్ళిళ్ళు లేవు, భోజనాలు లేవు. ఎవరికి కావాలి విస్తళ్ళు? అయినా వారం వారం కట్ట వస్తూనే ఉంది. ఆవిడ దాన్ని విప్పేది. ఒక్కో ఆకూ వేలితో తడిమి చూసేది. మళ్ళీ కట్టేసి చూరు కింద పెట్టేది. ‘మాయమ్మ బాగుంది’ అనేది. నాకు మొదట అర్థం కాలేదు.

‘మాయమ్మ కుట్టు దగ్గిర దగ్గిరగా ఉంటాది. పుల్ల చివర లోపలికి మడతెడతాది, ఇస్తరి మీద చెయ్యి పెడితే గుచ్చుకోదు’ అని చూపించింది.

అలా ఆరు కట్టలు వచ్చాయి. ఏడో కట్ట విప్పుతూనే ఆవిడ మొహం మారిపోయింది. నాకైతే అన్ని విస్తళ్ళూ ఒకేలా ఉన్నాయి.

‘అప్పా, ఇది మాయమ్మ కుట్టు కాదు. ఇదెవులో తొందరలో కుట్టీసినారు.’

కుర్రాణ్ణి అడుగుదామంటే వెళ్ళిపోయాడు. మర్నాడు చీకటితో లేచి, నాలుగు రొట్టెలు కొంగున కట్టుకుని నడిచి పోయింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. మూడోనాడు మధ్యాహ్నం తల్లిని వెంటబెట్టుకుని దిగింది. ముసలామె కుడి మణికట్టు గుమ్మడికాయలా వాచి ఉంది. గెడ్డ దగ్గర బండ మీద జారిందట. నాటు కట్టు కట్టుకుని కూర్చుంది. కూతురికి తెలిస్తే కంగారుపడుతుందని పక్కింటి పిల్ల చేత విస్తళ్ళు కుట్టించి పంపింది! కంగారు పెట్టకూడదని చేసిన పనే పట్టిచ్చేసింది. ఎముక విరిగిందని ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేశారు. ఇంకో వారం ఆలస్యమైతే చెయ్యి వంకరగా అతుక్కునేదని డాక్టరుగారు అన్నారట. విస్తళ్ళు కుట్టే చెయ్యి కదా అది!

కట్టు విప్పేదాకా ఆమె ఇక్కడే ఉంది. ఆమెది ఆదివాసీ ఒరియా, నాది గోదావరి తెలుగు. కూతురు మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్పేది. ఓ సాయంత్రం మా టీవీలో విశాఖ బీచి రోడ్డు చూపించారు. నరమానవుడు లేడు. ఆమె చాలాసేపు చూసి ఏదో అడిగింది. కూతురు కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పింది.

‘ఊరంతా సంతకి పోనాదేటి అని అడుగుతంది!’

ఆ చూరు కింది కట్టల్ని తర్వాత ఏం చేశారనుకుంటున్నారు? సంతలు మళ్ళీ తెరిచాక ఆరు కట్టలూ అమ్మేశారు. ఏడోదాన్ని మాత్రం ముసలామె అమ్మనివ్వలేదు. ‘ఈ కుట్టు నాదని చెప్పి అమ్మితే నా పేరు పోతుంది’ అందట. విప్పి, మళ్ళీ తన చేత్తో కుట్టి తెచ్చింది.

ఇప్పుడు ఆ కొండకి టవరు వచ్చింది. ముసలామె చేతిలోనూ బటన్ల ఫోనుంది. రోజూ రాత్రి తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోవడం మా గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉంటుంది. మరి శుక్రవారం మళ్ళీ గంటల తరబడి ఏం మాట్లాడుకుంటారని అడిగాను.

‘ఫోన్లో అవసరం మాటలే అప్పా. సంతలో అయితే ఊరికే మాటాడుకుంటాం’ అంది.

మీరు అరకు రావాలనుకుంటే శుక్రవారం కలిసొచ్చేట్టు రండి. చిల్లర నోట్లు తెచ్చుకోండి, ఐదొందల నోటు తీస్తే సంతలో ఎవరి దగ్గరా చిల్లర దొరకదు. సంచీ మరిచిపోకండి. కుప్ప దగ్గర బేరమాడకండి, అవతలి మనిషి ఆ కుప్పని రెండు గంటలు నెత్తిన మోసుకొచ్చి ఉంటుంది. రాజ్మా, పసుపు పొద్దున పదిలోపే తీసుకోవాలి, తర్వాత వర్తకులు ఎత్తేస్తారు. జిలేబీ మాత్రం మధ్యాహ్నం రెండయితేగానీ వెయ్యరు.