మీకు తెలుసా? పాదాలకు దారి చెప్పే పసుపు పలకలు

మెట్రో స్టేషన్లలో నేల మీద కనిపించే పసుపుపచ్చని గరుకు పలకలు అలంకారం కోసం పరిచినవి కావు. చూపులేనివారికి అవే దారి. జపాన్‌కు చెందిన సెయిచి మియాకే 1965లో, చూపు మందగిస్తున్న మిత్రుడి కోసం సొంత డబ్బుతో వీటిని తయారుచేశాడు. 1967 మార్చి 18న ఒకయామా నగరంలో, అంధుల పాఠశాల దగ్గర రోడ్డు దాటేచోట మొదటిసారి పరిచారు.

ఈ పలకలు రెండు రకాలు. పొడవాటి గీతలుంటే అవి సాగిన వైపే నడవవచ్చు. గుండ్రటి బొడిపెలు తగిలితే ఆగాలి: ముందు మెట్లో, రోడ్డో, ప్లాట్‌ఫారం అంచో ఉందన్నమాట. బొడిపె ఎత్తు 4, 5 మిల్లీమీటర్లే అయినా చేతికర్రకూ, చెప్పు వేసుకున్న పాదానికీ స్పష్టంగా తెలుస్తుంది. దృష్టిలోపం ఉన్నవారిలో చాలామందికి ఎంతోకొంత చూపు ఉంటుంది. ముదురు నేల మీద పసుపు రంగు వాళ్ల కంటికి ఆనుతుంది.

మన దేశంలో బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలోనూ ఈ పలకలున్నాయి. అయితే స్టేషన్ లోపల వేసినంత మాత్రాన చాలదు, బయట ఫుట్‌పాత్ మీదా అవి తెగకుండా సాగాలి. వరస మీద ఒక్క బైకు నిలిపినా, స్తంభం పాతినా నడిచే మనిషి నేరుగా దానికే కొట్టుకుంటాడు. మ్యాన్‌హోల్ వచ్చినచోట వరస తెగిపోకుండా జపాన్‌లో కొన్నిచోట్ల మూతల మీద కూడా ఇవే గీతలు, బొడిపెలు అమర్చారు.