ఇంజను మార్చాము, రేడియేటరు మరిచాము

దీపావళి సభకు మేము మైకులు, వంటపాత్రలు ఒక పాత పికప్ ట్రక్కులో వేసుకుని రావడం చూసి చాలామంది మిత్రులు నవ్వారు. "డాక్టరుగారూ, ఆస్పత్రివాళ్ళు జీతం ఆపేశారా?" అని ఒకరు అడిగారు కూడా. అక్కడ తోచిన జవాబేదో చెప్పాము. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాము.

మా నాన్నగారు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్ళు లారీ రేడియేటర్లు బాగుచేశారు. ఆ సంపాదనతోనే మేము గుంటూరు మెడికల్ కాలేజీలో చదివాము. అమ్మ పోయాక, ఏప్రిల్‌లో ఆయన్ని ఆష్‌బర్న్‌కు తీసుకువచ్చాము. ఆరు నెలలు ఉండవచ్చు. మూడో వారానికే టిక్కెట్టు ముందుకు జరపమన్నారు. ఇక్కడ ఆయనకు ఏ లోటూ లేదు, చేయడానికి పనీ లేదు. మేము ఆస్పత్రికి, మా ఆవిడ ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళిపోతే, కిటికీ దగ్గర కూర్చుని డల్లెస్‌లో దిగే విమానాలు లెక్కపెట్టేవారు. సిల్వర్ లైను రైలు 2022 నవంబరులో ఆష్‌బర్న్ దాకా వచ్చిన మాట నిజమే. ఎక్కి ఎవరింటికి వెళ్ళాలి?

ఒకనాటి సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు డేటా సెంటర్ల పక్కన పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరగడం చూసి ఆగిపోయారు. "లోపల ఏం కాలుతోందిరా?" అన్నారు. కంప్యూటర్లు నాన్నా అన్నాము. "ఏదైతేనేం, వేడి బయటికి పోవాలిగా. అవీ రేడియేటర్లే!" అన్నారు. వచ్చిన తరువాత ఆయన ముఖంలో అంత కళ చూడడం అదే మొదలు.

ఆ వారమే లౌడన్ కౌంటీ పడమటి పొలాల్లో ఒక రైతు అమ్మకానికి పెట్టిన 1989 షెవ్రొలే ఎస్-10 పికప్పు కొన్నాము. బాడీ బాగుంది, 2.8 లీటర్ల ఇంజను బేరింగులు పోయి టకటకలాడుతోంది. నాన్నగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్టు ఎత్తి చూసి, టిక్కెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. నడవని బండి ఇంటిముందు ఉంచరాదని మా కాలనీ సంఘం ఉత్తరం రాసింది గనుక ట్రక్కు గ్యారేజీలోకి, మా కారు ఎండలోకి వెళ్ళాయి.

ఏ ఇంజను వేయాలి? ఆస్పత్రిలో ఒక ఎక్స్‌రే టెక్నీషియను ఎనిమిది సిలిండర్ల 5.7 లీటర్లది వేయమని మమ్మల్ని ఊరించాడు. పట్టదని కాదు, ఈ దేశంలో ఎంతోమంది పట్టించారు. నాన్నగారు టేపుతో కొలిచి తల అడ్డంగా ఆడించారు. పొడవు ఎక్కువ, ఫ్యాను రేడియేటరు మీదికి వచ్చేస్తుంది, కరెంటు ఫ్యాను పెట్టాలి, పొగగొట్టాలు స్టీరింగు రాడ్డుకు తగలకుండా వంచాలి. దానికన్నా ఆరు సిలిండర్ల 4.3 లీటర్ల ఇంజను మేలు. సిలిండరు వ్యాసం 4 అంగుళాలు, పిస్టను నడక 3.48 అంగుళాలు, రెండూ ఆ 5.7 ఇంజనులో ఉన్నవే. అందులోంచి రెండు సిలిండర్లు తీసేసినట్టు ఉంటుంది. 1988 నుంచి కంపెనీయే దాన్ని ఎస్-10లో బిగించి అమ్మింది గనుక మౌంటింగులు పాతసామాను కొట్లలో దొరుకుతాయి. అయితే పాత గేరుబాక్సు బోల్టుల వరస దీనికి కలవదు, దాన్నీ మార్చాల్సిందే. చట్టం సంగతి కూడా చూసుకున్నాము. వేసే ఇంజను బండి మోడలు సంవత్సరానిదో, అంతకన్నా కొత్తదో అయి ఉండాలి. కెటలిటిక్ కన్వర్టరు తీసేయకూడదు. ఒక 1991 బ్లేజరు నుంచి ఇంజను, గేరుబాక్సు, మౌంటింగులు అన్నీ తెచ్చాము.

మౌంటింగు అంటే చట్రం మీద ఒక ఇనపపీట, ఇంజనుకు ఒక చెవి, రెండింటి మధ్య దళసరి రబ్బరు. ఇంజను కుదుపు బండికి చేరకుండా ఆ రబ్బరు మింగుతుంది. కాని యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు ఇంజను ఎడమవైపు పైకి లేవబోతుంది. దాన్ని పట్టి ఉంచాల్సిందీ ఆ రబ్బరే. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ 1965-69 మధ్య తయారైన షెవ్రొలే బళ్ళను సుమారు 67 లక్షలు వెనక్కు పిలిచింది ఇందుకే. రబ్బరు విడిపోతే ఇంజను లేచి, యాక్సిలరేటరును లాగి పట్టేస్తుంది.

ఇంజను అద్దె క్రేనుకు వేలాడుతుండగా నాన్నగారు మమ్మల్ని బోల్టు ముట్టుకోనివ్వలేదు. కింద ఆయిలు చాంబరుకు స్టీరింగు కడ్డీలు తగలకూడదు. ఫ్యాను నడిమి రేడియేటరు నడిమికి రావాలి. ఇంజను వెనక్కి కాస్త వాలి ఉండాలి. ఇవన్నీ చూశాకే బిగింపు. తరువాత మా ఆవిడను చపాతీ పిండి అడిగారు! ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు లోపలి అంచున చిన్న చిన్న ముద్దలు అంటించి, బ్రేకు తొక్కిపట్టి ఇంజను మీద బరువు పడేట్టు చేయమన్నారు. ఆపి చూస్తే ఒక ముద్ద తెగి ఉంది. ఎడమ రబ్బరు నూనె తాగి మెత్తబడిపోయింది. రెండు వైపులా కొత్తవి వేశాము. రబ్బరు కరెంటును పోనివ్వదు గనుక, ఇంజను నుంచి బాడీకి ఎర్తు తీగ కలపాలని కూడా ఆయనే గుర్తుచేశారు.

ఇక మా తప్పు. పాత రేడియేటరు చూపుకు కొత్తదిలా ఉంది. "ఇది చాలదేమోరా, పెద్దది వేద్దాం" అన్నారు నాన్నగారు. కారడం లేదు కదా, అనవసరపు ఖర్చు అన్నాము. మళ్ళీ మాట్లాడలేదు.

ఆగస్టులో అందరం బయలుదేరాము. రూట్ 28 ట్రాఫిక్కులో సూది కదలలేదు. రూట్ 7 మీద స్నికర్స్ గ్యాప్ కొండ ఎక్కుతుండగా 195 మీద ఉండవలసిన సూది 240 ఫారన్‌హీట్ దాటింది. పక్కకు ఆపి, బానెట్టు ఎత్తి, రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోయాము. డెబ్బయ్యేళ్ళ మనిషి మా చెయ్యి ఎంత బలంగా లాగారో ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. ఆయన కుడిచేతి మీది పాత కాలిన మచ్చ చిన్నప్పటినుంచీ చూస్తున్నా, ఎలా వచ్చిందో మేము ఎన్నడూ అడగలేదు. 15 పౌన్ల మూత కింద, సగం నీళ్ళు సగం కూలెంటు కలిపిన ద్రవం సుమారు 265 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తీస్తే ఆ క్షణానే మరిగి ముఖాన కొడుతుంది. వైద్యులుగా ఈ కాలిన గాయాలకు కట్లు కట్టినవాళ్ళమే! ఇంకొక మాట. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పిల్లవాడు కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. తీసిన కూలెంటును పళ్ళెంలో వదిలేయకండి; తాగారని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

గట్టు మీద కూర్చుని నాన్నగారు విడమరిచి చెప్పారు. ట్రాఫిక్కులో కాగితే గాలి చాలనట్టు, అంటే ఫ్యాను లోపం. వేగంగా పోతూనో, కొండెక్కుతూనో కాగితే రేడియేటరు చాలనట్టు. కాలిన పెట్రోలు వేడిలో స్థూలంగా మూడోవంతు రేడియేటరు ద్వారానే పోవాలి. పాత ఇంజను 125 గుర్రాలది, కొత్తది 160. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె వేడి కూడా ఆ రేడియేటరు తొట్టిలోకే వస్తుంది. ఇది మేము ఓ.పి.లో రోగిని అడిగే తీరే. ఎప్పుడొస్తుంది, మెట్లెక్కితేనా, కూర్చున్నప్పుడా?

"ముందే గట్టిగా చెప్పలేదేం నాన్నా?" అన్నాము.

"చెప్పాను కదరా. నీ ఇల్లు, నీ బండి. నువ్వు డాక్టరువి" అన్నారు.

ముప్ఫయ్యేళ్ళు చేసిన పనిలో, కొడుకు ఇంట్లో అతిథి గనుక, ఆయన నోరు కట్టుకున్నారు. ఇంటికి తిరిగి వచ్చేదాకా మాకు మాట రాలేదు.

పాత రేడియేటరు దించాక ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూశారు. మధ్య అల్యూమినియం, రెండు పక్కల తొట్లు ప్లాస్టిక్కు. ఆయనకు తెలిసిన రాగి, ఇత్తడి రేడియేటరయితే తొట్టి విప్పి, గొట్టాల వరస పెంచి, సాల్డరు పోసి ఉండేవారు. "దీనికి నా చెయ్యి పనికిరాదు" అన్నారు. 4.3 బళ్ళకు వచ్చే దళసరి రేడియేటరు కొన్నాము. ఎంత ధర అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. దళసరి గనుక ఫ్యానుకు దగ్గరయింది. కొలిస్తే అంగుళం పైన సందు మిగిలింది. మళ్ళీ చపాతీ పిండి. ఈసారి ముద్దలు తెగలేదు. మర్నాడు అదే కొండ ఎక్కాము. పైదాకా నాన్నగారు కిటికీ బయటికి చూడలేదు, సూదినే చూశారు.

అక్టోబరులో వెళ్ళిపోయారు. ఆదివారం ఫోనులో మా క్షేమం కన్నా ముందు సూది ఎంత మీద ఉందని అడుగుతారు. 195 అంటాము. మొన్న అన్నారు: "ఏప్రిల్లో వచ్చి హోసులు మారుస్తాను. అందాకా నువ్వు ముట్టుకోకు."