ముప్పై అయిదేళ్ల పొదుపు, ఏడాదికో బడ్జెట్

2016 ఫిబ్రవరి 29న నాటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ బడ్జెట్ ప్రసంగం విని ఉద్యోగుల గుండెల్లో రాయి పడింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జమయ్యే పీఎఫ్ సొమ్ములో, రిటైరయ్యాక తీసుకునేటప్పుడు 40 శాతానికే పన్ను ఉండదని ఆయన ప్రతిపాదించారు. మిగిలిన 60 శాతంతో యాన్యుటీ (పెన్షన్‌లా విడతలుగా సొమ్ము ఇచ్చే పథకం) కొనుక్కోకపోతే పన్ను కట్టాల్సిందే. ఉద్యోగ సంఘాలు భగ్గుమన్నాయి. మార్చి 8న ఆయనే లోక్‌సభలో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. యజమాని వాటాను 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోనివ్వని మరో నిబంధన మీద ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు రోడ్డెక్కారు. వారిలో ఎక్కువమంది మహిళలే. ఆ నిబంధననూ కేంద్రం వెనక్కి తీసుకుంది.

పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరిన మనిషి అరవై దాకా దాచుకుంటాడనుకుందాం. ఆ ముప్పై అయిదేళ్లలో కనీసం ఏడుసార్లు లోక్‌సభ ఎన్నికలు జరుగుతాయి. ఏటా ఒక బడ్జెట్ వస్తుంది. చేరిన రోజున ఉన్న నిబంధనలు చివరిదాకా అలాగే ఉంటాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు. అందుకే రెండు ప్రశ్నలు వస్తాయి. ఈ మార్పుల నుంచి పొదుపును కాపాడుకోవడం ఎలా? పన్ను తగ్గించుకోవడానికి ఎంతదూరం వెళ్లవచ్చు? ఈ రెండూ వేరువేరు విషయాల్లా కనిపిస్తాయి కానీ, ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

సర్కారు చెయ్యి ఎలా పడుతుంది?

కొన్ని దేశాల్లో అది నేరుగానే పడింది. 2008లో అర్జెంటీనా ప్రభుత్వం ప్రైవేటు పెన్షన్ నిధులను జాతీయం చేసి, లక్షలమంది ఖాతాల్లోని సొమ్మును ప్రభుత్వ వ్యవస్థలో కలిపేసింది. 2010లో హంగరీ ప్రభుత్వం ప్రైవేటు నిధుల్లోనే ఉండిపోయేవారికి ఇకపై ప్రభుత్వ పెన్షన్ హక్కు పెరగదని హెచ్చరించింది. దాంతో దాదాపు 30 లక్షలమంది సభ్యుల్లో అత్యధికులు వెనక్కి వచ్చేశారు. 2014లో పోలండ్ ప్రైవేటు పెన్షన్ నిధుల ఆస్తుల్లో 51.5 శాతాన్ని ప్రభుత్వ సంస్థకు మళ్లించింది. కంచే చేను మేసిందంటే ఇదే.

మన దేశంలో అలా లాక్కున్నది లేదు. ఇక్కడ మార్పు వడ్డీ రేటు రూపంలో, పరిమితుల రూపంలో, పన్ను రూపంలో మెల్లగా వస్తుంది. పీపీఎఫ్‌పై 2000 జనవరి దాకా 12 శాతం వడ్డీ వచ్చేది. 2020 ఏప్రిల్ నాటికి అది 7.1కి దిగింది. 2021 మార్చి 31న దాన్ని 6.4కి తగ్గిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి పశ్చిమ బెంగాల్ సహా కొన్ని రాష్ట్రాల్లో ఎన్నికలు జరుగుతున్నాయి. తెల్లారేసరికి, పొరపాటున వెలువడిందంటూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ దాన్ని రద్దు చేశారు. పొదుపు మీద రాజకీయ గాలి ఎంత తేలిగ్గా వీస్తుందో ఆ ఒక్క రాత్రి చెప్పింది.

చట్టం ఇచ్చిన అండ

ఉద్యోగి పూర్తిగా నిస్సహాయుడేమీ కాదు. పెన్షన్ ఉద్యోగికి చెందిన ఆస్తి అని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. 1982 డిసెంబర్ 17న డి.ఎస్. నకారా కేసులో, అది యజమాని దయతలిచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని తేల్చింది. పెన్షనర్లు ఏటా ఆ తేదీని తమ దినోత్సవంగా జరుపుకుంటారు. పీఎఫ్, పీపీఎఫ్ సొమ్మును అప్పులవాళ్లు కోర్టు డిక్రీ తెచ్చినా జప్తు చేయించలేరు.

సొమ్ము ఎవరి పేరున ఉందన్నది కూడా ముఖ్యమే. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాలు హామీ ఉన్న పాత పెన్షన్‌కు మళ్లినప్పుడు, జాతీయ పెన్షన్ వ్యవస్థ (ఎన్‌పీఎస్)లో జమయిన సొమ్మును తిరిగి ఇమ్మని కేంద్రాన్ని అడిగాయి. పెన్షన్ నిధుల నియంత్రణకు చేసిన 2013 నాటి పీఎఫ్‌ఆర్‌డీఏ చట్టంలో అందుకు వీల్లేదని జవాబు వచ్చింది. ఉద్యోగి పేరున ఉన్న ఖాతా మీద ప్రభుత్వం అంత సులువుగా చెయ్యి వేయలేదు. కానీ ఆ ఖాతా నెలకు ఇంత పెన్షన్ వస్తుందని హామీ ఇవ్వదు. 2004 సెప్టెంబర్ 1 నుంచి ఉద్యోగంలో చేరి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్) కిందికి వచ్చిన తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఇన్నేళ్లుగా అడుగుతున్నది ఆ హామీనే. 2023లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన గ్యారంటీడ్ పెన్షన్ (జీపీఎస్) చట్టం, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం అమలు చేసిన ఏకీకృత పెన్షన్ పథకం (యూపీఎస్) అలాంటి ఒత్తిడి ఫలితాలే.

మన చేతుల్లో ఉన్నది

మొదటిది, పొదుపంతా ఒకే నిబంధన కింద ఉంచకూడదు. పీఎఫ్, పీపీఎఫ్, ఎన్‌పీఎస్, మ్యూచువల్ ఫండ్లు, సొంత ఇల్లు వేరువేరు చట్టాల కింద నడుస్తాయి. అన్నీ ఒకే బడ్జెట్‌లో ఒకేసారి దెబ్బతినడం అరుదు. రెండోది, పన్ను మినహాయింపు కోసమే ఏ పథకంలోనూ చేరకూడదు. 2023–24 నుంచి కొత్త పన్ను విధానమే సాధారణ విధానమైంది. పాత విధానంలో 80సి పేరుతో తెలిసిన పొదుపు మినహాయింపు అందులో లేదు. ఆ మినహాయింపు కోసమే పాలసీలు తీసుకుని కొత్త విధానంలోకి వెళ్లినవాళ్లకు ఇప్పుడు ప్రీమియం భారం మిగిలింది, లాభం పోయింది. పథకం దానంతట అది మంచిదైతేనే చేరాలి. మూడోది, అవసరానికి వెంటనే తీసుకోగల సొమ్ము కొంత ఎప్పుడూ ఉండాలి. నాలుగోది, కాగితాలు. పీఎఫ్ పాస్‌బుక్‌లో యజమాని వాటా నెలనెలా పడుతోందా, నామినీ పేరు నమోదయిందా, ఆధార్‌లోనూ ఖాతాలోనూ పేరు ఒకేలా ఉందా అన్నవి ఏడాదికోసారి చూసుకోవాలి.

ధర్మం గీసిన గీత

ఇక రెండో ప్రశ్న: పన్ను తగ్గించుకోవడానికి ఎంతదూరం వెళ్లవచ్చు? దీనికి జవాబు మన హైదరాబాద్‌తో ముడిపడిన కేసులోనే ఉంది. మద్యం తయారుచేసే మెక్‌డోవెల్ కంపెనీ విషయంలో ఎక్సైజ్ సుంకాన్ని కొనుగోలుదారులే నేరుగా ఖజానాకు కట్టేవారు. ఆ మొత్తాన్ని కంపెనీ తన టర్నోవరులో చూపలేదు. దానివల్ల అమ్మకం పన్ను తగ్గింది. 1985లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును ఒప్పుకోలేదు. చట్టానికి లోబడిన పన్ను ప్రణాళిక తప్పు కాదని, పైకి ఒకలా చూపి లోపల మరోలా నడిపే ఎత్తుగడలు ప్రణాళిక కిందికి రావని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి విడిగా రాసిన తీర్పులో మరింత ముందుకు వెళ్లారు. తెలివిగా తప్పించుకునేవాడు వదిలేసిన పన్ను భారం నిజాయితీపరుడి భుజాల మీదికే వెళుతుందని ఆయన ఎత్తిచూపారు. తర్వాతి తీర్పులు ఆయన మాటల పరిధిని కొంత తగ్గించినా, ఆ నైతిక ప్రశ్న ఇంకా మన ముందే ఉంది.

ఇంటి లెక్కల్లో ఈ గీతను గుర్తుపట్టడం కష్టం కాదు. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర దాకా వేసుకోమని చట్టమే పిలుస్తోంది. వేసుకోవడం హక్కు. అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ నిజంగా నెలనెలా వాళ్ల ఖాతాలో అద్దె వేసి, అది వాళ్ల ఆదాయంగా చూపిస్తే, ఆ అద్దెపై పన్ను మినహాయింపు అడగడమూ తప్పు కాదు. అద్దె ఇవ్వకుండా రసీదు రాయించుకోవడం, ఇవ్వని విరాళానికి మినహాయింపు అడగడం మోసం. ఈ రెండింటి మధ్య మరొకటుంది. చట్టం అక్షరాన్ని పాటిస్తూ దాని ఉద్దేశాన్ని కాలరాయడం. కష్టజీవి వృద్ధాప్యానికి ఆసరాగా పెట్టిన పీఎఫ్‌లో బాగా సంపన్నులైన కొందరు స్వచ్ఛంద వాటా పేరిట భారీ మొత్తాలు వేసి, పన్ను లేని వడ్డీ తీసుకున్నారు. చట్టం దాన్ని ఆపలేదు. చివరికి 2021లో ప్రభుత్వం, ఉద్యోగి వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే ఆపై మొత్తంపై వచ్చే వడ్డీకి పన్ను వేసింది. ప్రభుత్వం నిబంధనలు మార్చడానికి అందరికంటే బలమైన కారణం అందించేది సౌకర్యాన్ని దుర్వినియోగం చేసేవాళ్లే. నిబంధనలు తరచూ మారితే జనం దొడ్డిదారులు వెతుకుతారు. ఇలా ఒకరి తప్పు ఇంకొకరికి సాకవుతుంది.

మాట నిలుపుకోవలసింది ఇద్దరూ

నీతి పౌరుడికొక్కడికే కాదు, ప్రభుత్వానికీ ఉండాలి. 2018లో షేర్ల దీర్ఘకాల లాభాలపై మళ్లీ పన్ను వేసినప్పుడు, ఆ ఏడాది జనవరి 31 దాకా పెరిగిన విలువను మినహాయించారు. అది న్యాయం. 2024 జూలైలో ఇళ్లూ స్థలాల అమ్మకంపై ఇండెక్సేషన్‌ను పాత కొనుగోళ్లకూ కలిపి తీసేశారు. నిరసనలు వచ్చాక ఆగస్టులో, జూలై 23కు ముందు కొన్నవారు పాత లెక్కను ఎంచుకునే వీలు కల్పించారు. 2012లో వొడాఫోన్ కంపెనీపై వేసిన పన్ను కేసు ఓడిపోయాక కేంద్రం, అలాంటి పన్ను 1962 నుంచే వర్తించేలా చట్టం సవరించింది. ఆ పన్ను డిమాండ్లను వదులుకోవడానికి 2021లో మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. నిన్నటి పనికి ఇవాళ పన్ను వేస్తే రేపు ఎవరూ నమ్మరు.

రిటైర్మెంట్ పొదుపు విషయంలో పాత జమలకు, వాటిపై వచ్చే వడ్డీకి పాత నిబంధనలే వర్తించాలన్న సూత్రం ఆయా ఆర్థిక మంత్రుల ఔదార్యంగా మిగిలిపోకూడదు. అది చట్టంలో చేరాలి. ఉద్యోగ సంఘాలు, పెన్షనర్ల సంఘాలు వచ్చే ఎన్నికల్లో అభ్యర్థులను అడగవలసిన మొదటి హామీ ఇదే. ఇంత గట్టిగా అడగాలంటే మన లెక్కలు కూడా శుభ్రంగా ఉండాలి. చట్టం ఇచ్చిన ప్రతి మినహాయింపునూ నిస్సంకోచంగా వాడుకోండి. దొంగ రసీదు తెచ్చిపెడతానన్న ఏజెంటును మాత్రం గుమ్మం దగ్గరే తిప్పి పంపండి.